పరిశోధకుల విలువ కట్టే కమిటీలకు శ్రీకాకుళం నుంచి ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విశ్వవిద్యాలయాల్లోనూ కళాశాలల్లోనూ అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు, పరిశోధన నిధుల మంజూరుకు స్కోరు షీట్లు తయారుచేసే కమిటీల అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారాలు.

మీలో కొందరు మాకు చదువు చెప్పిన గురువులు. ఆ గౌరవానికి లోటు రాకుండానే ఈ లేఖ రాస్తున్నాము. శాస్త్ర పరిశోధన ప్రభావాన్ని సైటేషన్ల సంఖ్యతోనూ (ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయన్న లెక్కతోనూ), సహరచయితల జాబితాతోనూ కొలుస్తున్న తీరులో ఉన్న లోపాలను వివరిస్తూ మేము కొందరం అధ్యాపకులం, పరిశోధక విద్యార్థులం కలిసి గత విద్యా సంవత్సరంలో ఒక విన్నపం సమర్పించాము. దానికి రసీదు అందింది, సమాధానం అందలేదు. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరానికి రసీదు కూడా అందలేదు. కనుక ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాము. ఇది అధ్యాపకుల జీతాల గొడవేనని, తమకు సంబంధం లేదని అనుకునే పాఠకులకు ముందుగా ఒక మాట చెప్పాలి. ఉద్దానంలో ఏ ఊరి బోరు నీటిని ఎవరు పరీక్షిస్తారు, మెట్ట భూముల్లో ఏ పంట మీద ఎవరు పనిచేస్తారు, ఏ సమస్యను ఎవరూ ముట్టుకోరు అన్నది చాలావరకు నిర్ణయిస్తున్నవి ఈ స్కోరు షీట్లే.

మా అభ్యంతరాలు ఇవి.

1. ఒక వ్యాసాన్ని మరొక వ్యాసం పేర్కొంటే అది ఒక సైటేషన్. పేర్కొన్నారన్నంత వరకే అది చెబుతుంది. మెచ్చి పేర్కొన్నారో, ఖండించడానికి పేర్కొన్నారో, చదవకుండానే వేరొకరి జాబితా నుంచి ఎత్తి రాసుకున్నారో చెప్పదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకు ఆటిజంతో ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. అయినా ఉపసంహరణకు గురైన వ్యాసాల్లో అత్యధిక సైటేషన్లు ఉన్నవాటిలో అది ఒకటి. మన స్కోరు షీటులో వేస్తే దాని రచయితకు గొప్ప మార్కులే వస్తాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. క్రామర్-రావు బౌండ్, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని ప్రపంచమంతా పాఠాలు చెప్పుకునే గణాంకశాస్త్ర ఫలితాలు అందులోనివి. ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి రావడానికి ఆ వ్యాసమే ఆధారం. ఆ ఫలితాలు ఇప్పుడు శాస్త్రానికి ఎంతగా సొంతమైపోయాయంటే, వాటిని వాడుకునేవారు 1945 నాటి మూల వ్యాసాన్ని పేర్కొనాల్సిన అవసరమే లేదనుకుంటారు. అంటే ఒక పని శాస్త్రానికి పునాదిగా మారిన కొద్దీ దాని సైటేషన్లు ఆగిపోవచ్చు. ఈనాడు ఒక పాతికేళ్ల యువకుడు ఒక ప్రాంతీయ గణిత సంఘం పత్రికలో అచ్చయిన అలాంటి వ్యాసంతో మీ ముందుకు వస్తే, ఆ పత్రిక ఏ క్వార్టైల్‌లో (సైటేషన్లను బట్టి పత్రికలను నాలుగు భాగాలు చేసిన వరుసలో) ఉందని అడగడానికి ముందు వ్యాసం తెరిచి చూసేవారు కమిటీలో ఎందరున్నారో మీరే చెప్పాలి.

2. పత్రిక పేరును బట్టి వ్యాసానికి మార్కులు వేయడం రెండో లోపం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది పత్రిక సగటు. గడిచిన రెండేళ్లలో ఆ పత్రిక ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. యూజీన్ గార్ఫీల్డ్ దీన్ని రూపొందించినది పత్రికల ఎంపికకు. మనుషుల ఎంపికకు కాదు. ఏ పత్రికలోనైనా కొద్ది వ్యాసాలే అత్యధిక సైటేషన్లు తెచ్చిపెడతాయి, మిగతావి ఆ సగటు నీడలో నిలబడతాయి. సెక్షను సగటు ఎనభై వచ్చిందని ఆ సెక్షనులోని పిల్లలందరికీ ఎనభై మార్కులు వేసే ఉపాధ్యాయుడిని మనం ఒప్పుకోము.

అయినా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నియమావళిలోని పట్టిక ఆ పనే చేస్తుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రెఫరీడ్ (నిపుణుల పరిశీలన తర్వాతే ప్రచురించే) పత్రికలో వచ్చిన వ్యాసానికి 5 పాయింట్లు, ఒకటి లోపు ఉంటే 10, ఆపై మెట్టుమెట్టుగా పెరిగి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 దాటితే 30 పాయింట్లు కలుపుతుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారం చూడాలని కూడా అందులో రాశారు. ఆ వ్యాపారం 2016లోనే ఆ సంస్థ చేతుల నుంచి వెళ్లిపోయి క్లారివేట్‌గా మారిందని నియమం రాసినవారు గమనించినట్టు లేదు.

3. హెచ్-ఇండెక్స్ గురించి క్లుప్తంగా చెబుతాము. 2005లో భౌతికశాస్త్రవేత్త హార్హె హిర్ష్ ప్రతిపాదించిన ఈ సంఖ్య, కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చిన వ్యాసాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. దాని ప్రకారం, పదేసి సైటేషన్లు వచ్చిన పది వ్యాసాలున్న వ్యక్తి విలువ 10. వెయ్యేసి సైటేషన్లు వచ్చిన మూడే వ్యాసాలున్న వ్యక్తి విలువ 3. వయసుతో పెరుగుతుందే కాని ఎన్నటికీ తగ్గదు. సైటేషన్లు లెక్కించే డేటాబేసులను బట్టి ఒకే మనిషికి స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఒకటి, గూగుల్ స్కాలర్‌లో మరొకటి ఉంటుంది. దరఖాస్తులో ఏది రాయాలో చెప్పని చోట ఎవరికి పెద్దది కనిపిస్తే వారు అది రాస్తున్నారు. గణితంలోనూ వైద్యంలోనూ సైటేషన్ల అలవాటు వేరు కాబట్టి ఆ రెండు శాఖల వారిని ఒకే కొలతతో కొలవడం కుదరని పని, అయినా జరుగుతోంది.

ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో మన అధ్యాపకుడు అన్న వార్త ఏటా జిల్లా పేజీల్లో వస్తుంది, శాలువాలు కప్పుతారు. సంతోషమే. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ సమాచారంతో తయారుచేసే ఆ జాబితాలో, తన వ్యాసాలను తానే పేర్కొన్న సైటేషన్లను కలిపితే ఎంత, తీసేస్తే ఎంత అన్నది పక్కపక్కనే ఉంటుంది. ఆ రెండో వరుస మన పత్రికా ప్రకటనల్లో మాత్రం కనబడదు.

4. సహకార పరిశోధన లెక్క మరీ విచిత్రంగా ఉంది. అదే 2018 పట్టిక ప్రకారం ఇద్దరు కలిసి రాస్తే చెరి 70 శాతం. అంతకంటే ఎక్కువమంది ఉంటే ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలిన వారిలో ప్రతి ఒక్కరికీ 30 శాతం. కూడి చూడండి. ఒంటరిగా రాసిన వ్యాసానికి మొత్తం 100 శాతం. పదిమంది రాసిన వ్యాసానికి 340 శాతం. యాభైమంది రాస్తే 1,540 శాతం. చేసిన పని పెరగకపోయినా పంచే పాయింట్లు పెరుగుతాయి. సైటేషన్ల విషయంలో భాగించడం అన్నదే లేదు. వంద సైటేషన్లు వచ్చిన వ్యాసానికి ఇరవైమంది రచయితలుంటే, ఇరవైమందీ తమ దరఖాస్తులో వందా రాసుకుంటారు. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై 2015లో ఐరోపాలోని సెర్న్ కణభౌతిక ప్రయోగశాలకు చెందిన రెండు బృందాలు కలిసి ప్రచురించిన వ్యాసానికి 5,154 మంది రచయితలు. అక్కడి యంత్రానికి అంతమంది అవసరమే, తప్పు పట్టడం లేదు. కాని ఆ వ్యాసం సైటేషన్లను ఒక్కొక్కరి ఖాతాలో పూర్తిగా జమచేసి, ఒంటరిగా సిద్ధాంతం రాసుకునే గణితాచార్యుడితో పోల్చితే వచ్చేది కొలత కాదు.

ఇక మన దగ్గర సహకారం అంటే విదేశీ సహకారమే. పై దేశపు విశ్వవిద్యాలయంతో కలిసి ఒక సమీక్షా వ్యాసం రాస్తే ఆ గడిలో మార్కులు పడతాయి. కవిటిలోనో కంచిలిలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలతో, ఆశా కార్యకర్తలతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా దానికి గడి లేదు. మాకు తెలిసిన ఒక అధ్యాపకురాలు ఉద్దానం గ్రామాల బోరు నీటిని వానలకు ముందూ తర్వాతా పరీక్షించి, ఫలితాలను తెలుగులో రాయించి పంచాయతీ కార్యాలయాల్లో చదివి వినిపించారు. ఆ పని ఆమె స్కోరు షీటులో ‘ఇతరములు’ అన్న వరుసలోకి వెళ్లింది. ఆ వరుసకు పాయింట్లు లేవు.

5. పేర్ల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు, కాని మన ప్రాంతం వారు దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నారు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాము. సైటేషన్లు లెక్కించే డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. అందువల్ల రావు, నాయుడు, మూర్తి, కుమారి అన్నవి వంశాలుగా మారిపోయి, ఒక రావు గారి వ్యాసాలు మరొక రావు గారి ఖాతాలో చేరుతున్నాయి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మహిళల వ్యాసాలు రెండు వేర్వేరు మనుషులవిగా చీలిపోయి, ఇద్దరికీ చిన్న హెచ్-ఇండెక్సే మిగులుతోంది. 2012 నుంచి పరిశోధకులకు ఆర్కిడ్ అనే గుర్తింపు సంఖ్య ఉచితంగా దొరుకుతోంది. దరఖాస్తులో దాన్ని అడిగితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇప్పటి ఫారాల్లో ఆధార్ సంఖ్యకు చోటుంది కాని దీనికి లేదు.

6. ఈ కొలత భారం చివరికి ఎవరి మీద పడుతోందో చెప్పడానికే ఈ లేఖలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాము.

ఉద్దానం మూత్రపిండాల వ్యాధి గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలతో వివరించలేని ఈ జబ్బు కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య పనిచేసే కుటుంబాలను రెండు దశాబ్దాలకు పైగా పీడిస్తోంది. నీటిలోని సిలికా అని, భారలోహాలని, ఎండలో పనిచేస్తూ ఒంట్లో నీరు ఇంకిపోవడమని, నొప్పి మాత్రలని, పురుగుమందులని రకరకాల అనుమానాలున్నాయి, తేలింది లేదు. శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లోనూ ఇలాంటి వ్యాధే ఉంది కాబట్టి ఇది ప్రపంచ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న కూడా. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ మొదలైంది.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న సూటిగానే ఉంది. తాగే నీరు మారిన ఊళ్లలో కొత్త రోగుల సంఖ్య తగ్గుతోందా, లేదా? దీనికి జవాబు కావాలంటే ఎవరో ఒకరు ఆ ఊళ్లకు పదేళ్లపాటు వెళ్లాలి, అవే ఇళ్లలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయాలి, ఎవరు ఏ నీరు తాగుతున్నారో రాసుకోవాలి, వలస వెళ్లినవారిని వెతికి పట్టుకోవాలి. మొదటి అయిదేళ్లలో ప్రచురించడానికి పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. ప్రచురించాక కూడా ‘తేడా కనబడలేదు’ అన్న ఫలితం వస్తే దాన్ని పేర్కొనేవారు తక్కువ. మీ షీటు ప్రకారం ఆ అయిదేళ్లూ ఆ పరిశోధకుడు ఏ పనీ చేయనట్టే లెక్క. తెలివైన యువ అధ్యాపకుడు ఎవరైనా ఆ పని నెత్తిన వేసుకుంటాడా? నమూనాలు ఒక్కసారి తీసుకుని, వేరే నగరంలో పరీక్షించి, పెద్ద పత్రికలో ఒక వ్యాసం వేయించుకుంటే సరిపోతుంది కదా. ‘రక్తం తీసుకెళ్లారు, ఏం తేలిందో ఎవరూ వచ్చి చెప్పలేదు’ అన్న మాట ఉద్దానంలో ఎవరిని కదిపినా వినిపిస్తుంది. ఆ ఊళ్ల వారి దృష్టిలో శాస్త్రవేత్త అంటే సూది పట్టుకుని వచ్చి మళ్లీ కనిపించని మనిషి.

వ్యవసాయం సంగతీ అంతే. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన చోడి రకాలకు చంపావతి, వేగావతి అని మన నదుల పేర్లు పెట్టారు. రాగోలు పరిశోధన స్థానం నుంచి ‘శ్రీకాకుళం సన్నాలు’ వరి వచ్చింది. ఆమదాలవలసలో గోగునార పంట మీద పని జరిగింది. ఒక రకాన్ని ఎంపిక చేసి, తరాల తరబడి పెంచి, రైతుల పొలాల్లో పరీక్షించి విడుదల చేయడానికి ఏళ్లు పడుతుంది. ఆ విత్తనం వేసిన రైతు వ్యాసం రాయడు కనుక సైటేషన్ రాదు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లో వేదికల మీద అందరూ చోళ్ల గురించి మాట్లాడారు. ఆ చోళ్ల మీద పనిచేసినవారి విలువ లెక్కకట్టే పద్ధతి మాత్రం ఆ ఏడాదీ మారలేదు.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి అయిదారేళ్లకు తక్కువ పట్టదు. గాలికి తట్టుకునే రకాలేవో, తోటల మధ్య ఏ అంతరపంట కుటుంబాన్ని నిలబెట్టిందో అధ్యయనం చేయదలచిన వ్యక్తిని రెండేళ్ల సైటేషన్లతో కొలవడమంటే, ఆ అధ్యయనం చేయవద్దని చెప్పడమే.

7. చివరిగా డబ్బు. పాయింట్లు ఎక్కడ ఉంటే అంగడి అక్కడ వెలుస్తుంది. యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018 మే నెలలో 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. ఆ తర్వాత 2019లో తెచ్చిన కేర్ అనే ఆమోదిత పత్రికల జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఉపసంహరించుకుని, మంచి పత్రిక ఏదో తేల్చే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలేసింది. అంటే ఆ బాధ్యత ఇప్పుడు మీది. థీసిస్ సమర్పించడానికి ముందు వ్యాసం అచ్చయి ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022 నవంబరులోనే తీసేసినా, అడిగేచోట ఇప్పటికీ అడుగుతున్నారు. ఫెలోషిప్ లేని పరిశోధక విద్యార్థి, అంటే చాలాసార్లు ఇంట్లో మొదటిసారి పీజీ దాటిన పిల్లో పిల్లవాడో, ప్రచురణ రుసుము కోసం అప్పు చేస్తున్నారు. అప్పిచ్చేది ఊళ్లోని తల్లిదండ్రులు. వారికి స్కోపస్ అంటే ఏమిటో తెలియదు. అది కట్టకపోతే డిగ్రీ రాదని మాత్రం తెలుసు.

సంఖ్యలే వద్దని మేము అనడం లేదు. సంఖ్యలు లేకపోతే సిఫారసులు రాజ్యమేలుతాయని, కులమూ పరిచయాలూ ముందుకొస్తాయని మీలో ఒకరు మాతో అన్నారు. ఆ భయం నిజమైనదే, మేమూ చూసినవాళ్లమే. కాని పక్షపాతం సంఖ్యల చాటున కూడా పనిచేస్తుంది. పదిమంది స్నేహితులు ఒకరి పేరు ఒకరు వ్యాసాల్లో చేర్చుకుంటే అది సిఫారసు కాక మరేమిటి? ఆధారాలు చదివి, కారణాలు రాసి, ఆ రాతను బయటపెట్టినప్పుడే పక్షపాతాన్ని ప్రశ్నించే వీలుంటుంది. పత్రిక కొలతలతో వ్యక్తుల పనిని కొలవరాదని 2012లో రూపుదిద్దుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, సంఖ్యలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలే తప్ప దాని స్థానంలోకి రాకూడదని 2015 నాటి లైడెన్ మానిఫెస్టో ఇదివరకే చెప్పాయి. స్థానిక అవసరాలకు సంబంధించిన మేలైన పరిశోధనను కాపాడుకోవాలన్నది లైడెన్ పది సూత్రాలలో మూడోది.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. ప్రతి అభ్యర్థి తన పనిలో ఉత్తమమైనవిగా భావించే అయిదింటిని సమర్పించాలి. ఒక్కొక్కదానికి ఒక పేజీ వివరణ, తెలుగులోగాని ఇంగ్లీషులోగాని: ఏం కనుక్కున్నారు, అందులో తన వంతు ఏమిటి, ఎవరికి ఉపయోగపడింది. విడుదలైన విత్తన రకం, గ్రామానికి అందించిన నివేదిక, ప్రభుత్వ శాఖ వాడుకున్న సమాచారం కూడా ఈ అయిదింటిలో ఉండవచ్చు. కమిటీ వాటిని చదవాలి. చదివినట్టు ప్రతి అభ్యర్థిపై రెండు పేరాల రాతపూర్వక అభిప్రాయం ఇవ్వాలి.

2. సైటేషన్లు చూడదలిస్తే ఏ డేటాబేసులో, ఏ తేదీన చూశారో ప్రకటించాలి. స్వీయ సైటేషన్లు తీసేసిన సంఖ్యను పక్కన చూపాలి. పోలిక అదే శాస్త్రశాఖలో, అదే సంవత్సరంలో వచ్చిన వ్యాసాలతోనే జరగాలి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, క్వార్టైల్ గడులను యూజీసీ నియమం తప్పనిసరి చేసినంత మేరకే ఉంచి, సంస్థ సొంతంగా చేర్చిన చోటల్లా తొలగించాలి. ఆ నియమాన్ని సవరించాలని యూజీసీకి మీ తరఫున రాయాలి.

3. ఒక వ్యాసానికి పంచే పాయింట్ల మొత్తం నూరు శాతం మించకూడదు. ప్రయోగం ఎవరిది, క్షేత్రంలో సేకరణ ఎవరిది, విశ్లేషణ ఎవరిది అన్నది రచయితలందరి సంతకాలతో అడగాలి. ఇందుకు క్రెడిట్ అనే 14 పాత్రల ప్రామాణిక పట్టిక ఉంది. దాన్ని వాడుకుంటే చాలు.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, రైతు సేవా కేంద్రాలు, పంచాయతీలతో చేసిన సహకార పరిశోధనకు విదేశీ సహకారంతో సమానమైన పాయింట్లు ఇవ్వాలి.

5. మన జిల్లాల ప్రజల నుంచి రక్తం, మూత్రం, నీరు, మట్టి, సమాచారం ఏది సేకరించినా, దాని ఫలితాన్ని తెలుగులో ఆ ఊరివారికి తెలియజేసినట్టు పంచాయతీ నుంచి పత్రం ఉంటేనే ఆ వ్యాసానికి పాయింట్లు వేయాలి. ఈ ఒక్క నిబంధనకు ప్రత్యేక బడ్జెట్టు అక్కరలేదు.

6. దరఖాస్తులో ఆర్కిడ్ సంఖ్య అడగాలి. పేరు మారిన మహిళల పాత వ్యాసాలను కలిపి చూడాలి. ప్రసూతి, సంరక్షణ సెలవుల కాలాన్ని లెక్క నుంచి మినహాయించాలి.

7. ఉపసంహరణకు గురైన వ్యాసాలకు ఇచ్చిన పాయింట్లను వెనక్కి తీసుకోవాలి. తప్పును తామే గుర్తించి ఉపసంహరించుకున్నవారిని శిక్షించకూడదు.

8. యూజీసీ తీసేసిన ప్రచురణ నిబంధనను ఏ విభాగమూ మౌఖికంగానైనా విద్యార్థులపై రుద్దరాదని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ప్రచురణ రుసుము అవసరమైన చోట దాన్ని సంస్థ భరించాలి.

9. దీర్ఘకాలిక అధ్యయనాలకు కుదుర్చుకున్న కాలపట్టికను మొదట్లోనే నమోదు చేసి, ఆ పట్టిక ప్రకారం పని సాగుతోందా అన్నదాన్ని బట్టి ఆ ఏళ్ల పదోన్నతులు నిర్ణయించాలి.

వీటిలో ఆమోదించగలిగినవి ఏవి, కానివి ఏవి, ఎందుకు కావు అన్నది తదుపరి నియామక ప్రకటన వెలువడేలోపు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. ఆ సమాధానాన్ని, అనుకూలమైనా కాకపోయినా, ఒక్క అక్షరం మార్చకుండా ఈ లేఖ చేరిన చోటల్లా ప్రచురిస్తాము. అంతవరకు పాత స్కోరు షీటుతో జరిగే ప్రతి ఎంపికకూ సంబంధించిన మార్కుల పట్టికలను సమాచార హక్కు చట్టం, 2005 కింద కోరుతూనే ఉంటాము.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు
(సహాధ్యాపకుల, పరిశోధక విద్యార్థుల తరఫున)
శ్రీకాకుళం